తాతయ్య రష్యా లెన్స్‌తో నానమ్మ ఫోటో తియ్యొచ్చా? పాత లెన్స్ పోర్ట్రెయిట్‌కి మేలా, కీడా?

పెదవాల్తేరు_అబ్బాయి:

అందరికీ నమస్తే. వారం రోజుల్నుంచి మా ఇంట్లో తేలని విషయం ఒకటుంది, ఇక్కడ పోర్ట్రెయిట్‌లు తీసే అనుభవం ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కదా అని అడుగుతున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా తాతయ్య నేవీలో చేసేవారు. ట్రైనింగ్ కోసం అప్పటి సోవియట్ రష్యా వెళ్ళి, వచ్చేటప్పుడు ఒక జెనిట్-ఇ కెమెరా తెచ్చుకున్నారు. మన విశాఖలో పాత నేవీ ఇళ్ళల్లో వెతికితే ఇలాంటి రష్యా సామాను ఏదో ఒకటి దొరుకుతుంది, బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర సబ్‌మెరీన్ కూడా అక్కణ్ణుంచి వచ్చిందే కదా. కెమెరా షట్టర్ ఎప్పుడో పట్టేసింది కానీ దాని మీదున్న హీలియోస్ 44-2 లెన్స్, అదే 58 ఎంఎం ఎఫ్/2 (ఎఫ్ పక్కన నంబర్ చిన్నదయ్యేకొద్దీ లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది), రింగులు ఇప్పటికీ హాయిగా తిరుగుతున్నాయి. సీరియల్ నంబర్ 74తో మొదలవుతుంది, ఆ లెన్సులకి మొదటి రెండంకెలూ తయారైన సంవత్సరం అంటారు కాబట్టి 1974 అనుకుంటున్నా. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న సోనీ ఏ6000 ఉంది. ఈ పాత లెన్స్ మర (ఎం42 అంటారు) సోనీకి పట్టేలా చేసే అడాప్టర్ తెప్పించి బిగించా, మెనూలో లెన్స్ లేకపోయినా షట్టర్ పడే ఆప్షన్ ఆన్ చేస్తే పనిచేసింది.

వచ్చే నెల నానమ్మకి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం. హాల్లో తాతయ్య ఫోటో పక్కన నానమ్మది కూడా అదే సైజులో పెద్దది పెట్టాలని నాన్న కోరిక. తాతయ్య లెన్స్‌తోనే తీస్తే బాగుంటుంది కదా అని నాకనిపించింది, చెల్లి కూడా అదే అంది. నాన్న మాత్రం వద్దంటున్నారు.

ఎందుకంటే మొన్న ఆదివారం పొద్దున్న వరండాలో కూచోబెట్టి రెండు లెన్సులతోనూ తీశా. కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్‌తో తీసినదాంట్లో ప్రతి ముడతా, చెంప మీద ప్రతి మచ్చా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి. హీలియోస్‌తో ఎఫ్/2 దగ్గర తీసినది చూడగానే నాకు ఒళ్ళు జల్లుమంది, వెనకాల మామిడాకుల మధ్య వెలుతురు చుక్కలన్నీ సుడి తిరిగినట్టు వచ్చాయి, చర్మం మెత్తగా ఉంది, ముక్కుపుడక చుట్టూ చిన్న వెలుగు కూడా వచ్చింది. కానీ ముఖం మీద పల్చటి పాలమీగడ పరిచినట్టు ఒక తెలుపు ఉంది.

నానమ్మకి రెండూ చూపించా. మొదటిది చూసి "ఇంత ముసల్దాన్నయిపోయానేట్రా" అని పక్కన పెట్టేసింది. రెండోది కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి "బాగుంది గానీ ఇదెవర్రా, కళ్ళు లేవేటి" అంది. ఆ మాట దగ్గర ఆగిపోయా నేను.

ఇప్పుడు నా ప్రశ్న ఏంటంటే, ఈ పాత లెన్సులు నిజంగా ముఖానికి ఏదైనా మేలు చేస్తాయా, లేకపోతే మనం ఆ సుడికీ ఆ మెత్తదనానికీ మురిసిపోయి ఎదురుగా ఉన్న మనిషిని పోగొట్టుకుంటున్నామా? గోడమీద పాతికేళ్ళు ఉండాల్సిన ఫోటో, దేంతో తీయమంటారు?

గాజువాక_కెమెరామేన్:

తమ్ముడూ, మొహమాటం లేకుండా చెప్పీస్తున్నా, మీ నాన్నగారి మాట వినండి.

నేను పెళ్ళిళ్ళు తీయబట్టి పన్నెండేళ్ళయింది. నాకూ ఈ పిచ్చి పట్టింది, ఇదే హీలియోస్ కొని ఒక ప్రీవెడ్డింగ్‌కి రుషికొండ పట్టుకెళ్ళా. మన దగ్గర సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు కాబట్టి ప్రతి జంటా వెనకాల ఎండ పడాలి అనే అడుగుతారు. తెల్లారి ఆరింటికి మొదలుపెట్టి గంటన్నర అదే లెన్స్‌తో తీసీసా. కెమెరా వెనక చిన్న స్క్రీన్‌లో చూస్తే ఎంత బాగుందో, పెళ్ళికొడుకైతే అక్కడికక్కడే స్టేటస్ పెట్టుకున్నాడు. ఆల్బం పన్నెండు బై ముప్పై ఆరు షీట్ మీద ప్రింటయి వచ్చాక అసలు రంగు బయటపడింది. ఎండకి ఎదురుగా తీసిన ప్రతి ఫోటోలోనూ నలుపు నలుపుగా లేదు, బూడిద రంగు. అమ్మాయి కట్టుకున్న ఉప్పాడ చీర జరీ ఒక్క పోగు కూడా విడిగా కనబడలేదు. సగం ఫోటోల్లో ఫోకస్ కంటి మీద కాకుండా చెవి మీదుంది. వాళ్ళమ్మగారు ఆల్బం మీద వేలు పెట్టి "మా పిల్ల ముఖం మీద ఈ పొగేంటి బాబూ" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. నా ఖర్చుతోనే మళ్ళీ తీసిచ్చా.

అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే. మనిషి తన ముఖం తను చూసుకోడానికి తీయించుకునే ఫోటోకి కొత్త లెన్స్. అన్నీ అయిపోయి పది నిమిషాలు మిగిలితే సరదాకి పాతది. సహస్ర చంద్ర దర్శనం అంటే మళ్ళీ మళ్ళీ వచ్చేది కాదు, అలాంటి దానికి ప్రయోగాలు వద్దు. తెలిసినవాళ్ళెవరి దగ్గరైనా సోనీ 50 ఎంఎం 1.8 ఉంటే ఒక రోజుకి అడిగి తెచ్చుకోండి, మీ కిట్ లెన్స్ కన్నా చాలా నయం.

ఏయూ_ఫిజిక్స్:

అన్నా, మీ అనుభవం కాదనను కానీ శిక్ష మొత్తం లెన్స్‌కే వేస్తే ఎలా, అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయున్నాయి, విడదీసి చూస్తే ఈ తమ్ముడికి దారి దొరుకుతుంది.

మొదటిది పొగ. గాజుకి గాలి తగిలే ప్రతి చోటా, పైన పూత లేకపోతే, సుమారు 4 శాతం వెలుతురు వెనక్కి కొడుతుంది. హీలియోస్‌లో ఆరు గాజులు నాలుగు గుంపులుగా ఉంటాయి (జర్మనీ జైస్ వాళ్ళ బయోటార్ డిజైన్‌ని బట్టి చేసిందే), అంటే గాలి తగిలే ముఖాలు ఎనిమిది. ఇలా వెనక్కి కొట్టిన వెలుతురు లోపలే అటూ ఇటూ తిరిగి చివరికి ఫోటో మొత్తం మీద పల్చగా పరుచుకుంటుంది, నలుపుని బూడిద చేసేది అదే. దీన్ని తగ్గించే పూతని 1935లో జైస్‌లో స్మకులా అనే ఆయన కనిపెట్టాడు. 44-2 మీద ఉన్నది అలాంటి ఒంటి పూతే. చాలా పొరల పూత మామూలు లెన్సుల మీదకి బాగా వచ్చింది 1971లో పెంటాక్స్ టకుమార్‌లతో మొదలుపెట్టి. కాబట్టి రుషికొండలో సూర్యుడికి ఎదురుగా పెడితే ఒంటి పూత లెన్స్ చేతులెత్తేస్తుంది. అదే లెన్స్‌ని సూర్యుడు మన వీపు వైపో పక్కనో ఉన్నప్పుడు, ముందు పక్క ఎండని ఆపే గొట్టంలాంటి హుడ్ ఒకటి తగిలించి వాడండి, కాంట్రాస్ట్ ఎంత తిరిగొస్తుందో చూద్దురుగాని. 49 ఎంఎం రబ్బరు హుడ్ చాలు దీనికి.

రెండోది మెత్తదనం. లెన్స్ అంచుల్లోంచి వచ్చే కిరణాలూ మధ్యలోంచి వచ్చే కిరణాలూ ఒకే చోట కలవవు, స్ఫెరికల్ ఎబరేషన్ అంటారు. ఎఫ్/2 దగ్గర అంచులు కూడా పనిచేస్తుంటాయి కాబట్టి షార్ప్‌గా ఉన్న బొమ్మ మీదే మసక బొమ్మ ఒకటి పరిచినట్టవుతుంది. ముడతలు తగ్గినట్టు కనబడ్డానికి కారణం అదే, ముక్కుపుడక చుట్టూ వెలుగూ అందుకే. ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే కన్నం, మూసేకొద్దీ అంచులు పక్కకి తప్పుకుంటాయి, 2.8కి చాలావరకు పోతుంది, 4 దగ్గర ఇదే లెన్స్ మధ్యభాగం ఇవాళ్టి లెన్సులకి పెద్దగా తీసిపోదు. అంటే మెత్తదనం ఎంత కావాలో నువ్వే రింగు తిప్పి వడ్డించుకోవచ్చు. 44-2లో రెండు రింగులున్నాయి కదా, ఒకటి టక్కుమని ఆగుతూ నంబర్ పెట్టుకోడానికి, రెండోది ఆగకుండా జారుతుంది, దాంతో తెరిచి ఫోకస్ చేసుకుని తర్వాత మూసుకోవాలి.

మూడోది, నానమ్మగారు అడిగిన కళ్ళు. ఇక్కడ లెన్స్ తప్పు సగమే. నువ్వు మీటరు దూరంలో కూచుని తీసుంటే నీ కెమెరాలో ఎఫ్/2 దగ్గర స్పష్టంగా ఉండే మందం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ముక్కు నుంచి కంటికి ఇంచుమించు అంతే దూరం ఉంటుంది. నువ్వు ఫోకస్ పీకింగ్ పెట్టుకుని తీసుంటావు, అది మెరిసే అంచు ఎక్కడుంటే అక్కడ రంగు వెలిగిస్తుంది. నానమ్మ ముఖంలో అన్నిటికన్నా మెరిసేది ఏంటి? ముక్కుపుడక. నువ్వు దాని మీద ఫోకస్ చేసి కళ్ళ మీద అనుకున్నావు. ఫోటో జూమ్ చేసి చూడు, పుడక రాయి కోణాలు తెలుస్తున్నాయంటే నేను చెప్పిందే.

ఇక సుడి గురించి ఒక ముక్క. మూలల్లో వెలుతురు చుక్కల్ని లెన్స్ గొట్టం అంచు కొంత కోసేస్తుంది, గుండ్రంగా ఉండాల్సినవి పిల్లి కన్ను ఆకారంలోకి వస్తాయి, అవన్నీ మధ్య చుట్టూ వరస కడతాయి కాబట్టి తిరుగుతున్నట్టు కనబడుతుంది. నీ సెన్సర్ ఏపీఎస్‌సీ, అంటే పాత ఫిల్మ్ ఫ్రేమ్ కన్నా చిన్నది కాబట్టి ఆ మూలలు సగం బయటికే పోతాయి, అయినా నీకు అంత సుడి వచ్చిందంటే మామిడాకుల పుణ్యం. వెనకాల ఆకులూ వాటి మధ్య ఆకాశం తునకలూ ఉండాలి దానికి. భీమిలి దారిలో సరుగుడు తోటల్లో తీసి చూడు, అదే ఆర్కే బీచ్‌లో ఉత్త సముద్రం వెనకాల పెట్టి తీసి చూడు, రెండోదాంట్లో సుడి ఏమీ ఉండదు.

మధురవాడ_నికాన్:

మధ్యలో దూరుతున్నా, సారీ. నా దగ్గర నికాన్ డీ5300 ఉంది, ఇదే హీలియోస్ దీనికి పడుతుందా? ఒకాయన అమ్ముతానంటున్నాడు.

ఏయూ_ఫిజిక్స్:

పడుతుంది కానీ దూరం ఫోకస్ కాదు. ఎం42 లెన్స్ సెన్సర్‌కి 45.46 ఎంఎం దూరంలో ఉండాలి, నికాన్ డీఎస్ఎల్ఆర్ మౌంటే (లెన్స్ బిగించే చోటు) 46.5 దగ్గరుంది, ఇక అడాప్టర్ మందం కూడా కలిస్తే లెన్స్ ఇంకా ముందుకి పోతుంది. దగ్గరి ముఖాలు తీసుకోవచ్చు, నిలువెత్తు మనిషిని తీయబోతే ఇబ్బంది. మధ్యలో గాజు ఉన్న అడాప్టర్లు అమ్ముతారు, అవి ఉన్న నాణ్యత కూడా పోగొడతాయి. సోనీ ఈ మౌంట్ దూరం 18 ఎంఎమ్మే కాబట్టి ఈ తమ్ముడికి ఆ బాధ లేదు. మీరు ఆగండి, కొనొద్దు.

సీతమ్మధార_రా_ఫైల్:

నాకో అభ్యంతరం ఉంది. పాత లెన్స్ అనగానే అందరూ మసక, సుడి, పొగ అనే మాట్లాడుతున్నారు, పాతది అంటే మెత్తనిది అని ఎవరు చెప్పారు? 1984లో పాకిస్తాన్ శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ తీసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్గాన్ అమ్మాయి ఫోటో అందరూ చూసే ఉంటారు, అది నిక్కోర్ 105 ఎంఎం 2.5తో తీసింది. ఆ లెన్స్ ఇవాళ చూస్తే పాతదే, చేత్తో ఫోకస్ చేసుకునేదే, మరి ఆ కళ్ళు ఎలా ఉన్నాయి? ఆ చూపు చూశాక ఇంకేదీ గుర్తుండదు. వెనకాల ఉన్నది ఉత్త ఆకుపచ్చ రంగు, సుడి లేదు ఏమీ లేదు.

నేను చెప్పేదేంటంటే ఆ రోజుల్లో ఫోటోగ్రాఫర్లు మసక కోసం ఈ లెన్సులు కొనలేదు, ఉన్నవాటిలో బాగా కనబడేది కొన్నారు. మీ తాతయ్యగారు కూడా నానమ్మగార్ని స్పష్టంగా చూద్దామనే రింగు తిప్పి ఉంటారు కదా. తీయండి ఆ లెన్స్‌తోనే, కానీ ఎఫ్/2 దగ్గర వదిలేయకండి.

ఇంకో మాట, మెత్తదనం తర్వాత ఎడిటింగ్‌లో పెట్టుకోవచ్చు కదా అనేవాళ్ళు ఉంటారు, కొంతవరకు నిజమే. కాకపోతే లెన్స్ ఇచ్చే మెత్తదనం వెలుతురు సెన్సర్ మీద పడకముందే జరుగుతుంది, ముక్కుపుడక మెరుపు తెల్లగా కాలిపోకుండానే చుట్టూ పరుచుకుంటుంది, ఎడిటింగ్‌లో ఒకసారి కాలిపోయిన తెలుపుని పట్టుకుని ఎంత పూసినా ఆ తీరు రాదు. నేను చాలాసార్లు ప్రయత్నించి చెప్తున్నా.

వన్‌టౌన్_పాత_స్టూడియో:

బాబూ, నేను వన్ టౌన్‌లో ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపినవాణ్ణి, ఇప్పుడు మూసేశాను. మీరంతా లెన్స్ గురించే మాట్లాడుతున్నారు, నేను ముందు ముసలివాళ్ళ ముఖం గురించి చెప్తాను, తర్వాత లెన్స్ గురించి.

మా రోజుల్లో మెత్తదనానికి లెన్స్ మీద ఆధారపడేవాళ్ళం కాదు. నెగెటివ్ కడిగి ఆరాక, లైట్ డెస్క్ మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముడతలు పడిన చోట నెమ్మదిగా గీతలు నింపేవాళ్ళం. నెగెటివ్‌లో నీడ పల్చగా ఉంటుంది కదా, అక్కడ పెన్సిల్ పడితే ప్రింట్‌లో నీడ తగ్గుతుంది. పెళ్ళి సంబంధాలకి పంపే ఫోటో అయితే లెన్స్ ముందు పల్చటి నైలాన్ మేజోడు గుడ్డ లాగి కట్టేవాళ్ళం. ఇవన్నీ చేసిన చేత్తోనే చెప్తున్నా, ముసలివాళ్ళ ఫోటోకి ఇవేవీ చెయ్యకూడదని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒకసారి ఒక పెద్దావిడ నేను నున్నగా దిద్దిచ్చిన ఫోటో తీసుకుని వెళ్ళి, మూడో రోజు వెనక్కి తెచ్చి "మా ఆయన పోయిన బాధ కూడా తుడిచేశావు నాయనా, ఇది నేను కాదు" అన్నారు. మళ్ళీ ఏ దిద్దుబాటూ లేకుండా ప్రింట్ వేసిచ్చాను, అది తీసుకున్నారు.

మీ నానమ్మగారు "ఇంత ముసల్దాన్నయిపోయానా" అన్నది ముడతలు చూసి కాదు బాబూ, వెలుతురు చూసి. పొద్దున్న వరండాలో ఎండ ఆవిడ వెనక నుంచి వస్తుంటే ముఖం నీడలో ఉండిపోయింది, దాన్ని కెమెరా బలవంతంగా వెలిగించింది, అప్పుడు కంటి కింద గుంటలు లోతుగా పడతాయి. ఆవిణ్ణి పక్కకి తిప్పి కూచోబెట్టు. ఆకాశం వెలుతురు ఒక చెంప మీదకి రావాలి, నేరుగా ఎండ పడకూడదు. రెండో చెంప వైపు ఉతికిన తెల్ల పంచె ఎవరిచేతైనా పట్టించు, మూడడుగుల దూరంలో. కుర్చీ కాస్త ముందుకి జరిపి, కళ్ళల్లో వెలుతురు చుక్క పడిందో లేదో చూసుకో. చుక్క పడితే కన్ను బతుకుతుంది. ఇది సరిపోతే నీ కిట్ లెన్స్ కూడా ఆవిణ్ణి ముసల్దాన్ని చెయ్యదు.

ఇప్పుడు లెన్స్. నువ్వు రాసిన పాలమీగడ మాట నాకు అనుమానంగా ఉంది. ఎఫ్/2 మెత్తదనం మీగడలా ఉండదు, మెరిసేవాటి చుట్టూ ఉంటుంది. ముఖమంతా సమానంగా తెల్లబడిందంటే లోపల ఏదో పట్టింది. ఈ లెన్స్ ఇన్నాళ్ళూ ఎక్కడుంది, తోలు కేసులోనే కదా? సముద్రం పక్క ఊరు మనది, తోలు చెమ్మ పీల్చుకుని వదలదు, బూజుకి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. రాత్రి గదిలో లైట్లు ఆర్పి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి సెల్ టార్చ్ వేసి కాస్త ఏటవాలుగా చూడు. సాలెగూడు పోగుల్లా ఉంటే ఫంగస్. ఊపిరి ఊదిన అద్దంలా ఉంటే లోపలి గ్రీజు నూనె ఆవిరై గాజుకి పట్టిందన్నమాట. నువ్వు విప్పకు, విప్పడం తెలిసినవాళ్ళకివ్వు.

పెదవాల్తేరు_అబ్బాయి:

పెద్దాయనా, మీకు దండం పెట్టాలి. నిన్న రాత్రి మీరు చెప్పినట్టే టార్చ్ వేసి చూశా. మామూలుగా చేత్తో పట్టుకుని కిటికీ వైపు చూస్తే అద్దంలా మెరిసే లెన్స్, టార్చ్ పెట్టేసరికి లోపల మొత్తం ఒక తెల్లటి పొర, స్నానాలగదిలో వేణ్ణీళ్ళు పోశాక అద్దం ఎలా ఉంటుందో అలా. అంచు దగ్గర ఒక చోట సన్నటి పోగులు కూడా ఉన్నాయి, చెట్టు వేర్లలాగ. అంటే నేను ఇన్నాళ్ళూ చెల్లికి చూపించి "చూడు పాత లెన్స్ మాయ" అని మురిసిపోయినదాంట్లో చాలా భాగం నూనె మరక. ఒక పక్క బాధేసింది, ఒక పక్క ప్రాణం లేచొచ్చింది.

ఫిజిక్స్ అన్నా, నువ్వు చెప్పిందీ నిజం. జూమ్ చేసి చూశా, ముక్కుపుడకలో ఏడు రాళ్ళూ విడివిడిగా లెక్కపెట్టొచ్చు, కనురెప్పలు మాత్రం కలిసిపోయున్నాయి.

జగదాంబ దగ్గర పాత కెమెరాలు బాగుచేసే ఒకాయన ఉన్నారని నాన్నే కనుక్కున్నారు, ఇవాళ ఇచ్చొచ్చాం. తోలు కేసు ఎండలో పడేశా.

గాజువాక_కెమెరామేన్:

పెద్దాయన మాట వింటుంటే నా లెన్స్ కూడా ఒకసారి టార్చ్ పెట్టి చూడాలనిపిస్తోంది. ఇన్నేళ్ళూ లెన్స్ జాతే అంత అనుకున్నా, బీరువా మీదే పడుంది. చూసి చెప్తా.

పెదవాల్తేరు_అబ్బాయి:

పది రోజులయింది, జరిగింది మొత్తం చెప్పాలి మీకు.

లెన్స్ నాలుగో రోజు తిరిగొచ్చింది. పొర మొత్తం పోయింది, పోగులు తుడిచాక అంచు దగ్గర పూత మీద చిన్న మచ్చ మాత్రం ఉండిపోయింది, ఫంగస్ పూతని తినేసిందట, అది ఇక పోదు కానీ ఫోటోలో కనబడదని చెప్పారు. ఇంటికి తెచ్చి ముందు అదే మామిడాకుల వైపు తీసి చూశా. సుడి అలాగే ఉంది, నలుపు నలుపుగా వచ్చింది! ఇన్నాళ్ళూ నేను చూసింది వేరే లెన్స్ అన్నట్టుంది.

నిన్న పొద్దున్న ఎనిమిదింటికి నానమ్మని వరండాలో కుడి చెంప వీధి వైపు వచ్చేలా కూచోబెట్టా. నాన్నే తెల్ల పంచె రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు, వద్దన్న మనిషే. మీటరున్నర దూరం, ఎఫ్/4, షట్టర్ 1/160 పెట్టుకున్నా ఎందుకంటే ఈ కెమెరాలో చెయ్యి వణుకుని సరిదిద్దే స్టెబిలైజేషన్ లేదు, 1/60 దగ్గర మొన్న రెండు చెయ్యి కదిలి పోయాయి. పీకింగ్ ఆపేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, దగ్గరున్న కన్ను స్క్రీన్ నిండా వచ్చేలా మాగ్నిఫై చేసి కనురెప్ప వెంట్రుకల మీద ఫోకస్ పెట్టి అప్పుడు మూసి తీశా. ఒక్కో ఫోటోకి అరనిమిషం పట్టేది. ఆ అరనిమిషం నానమ్మ కెమెరా వైపు కాకుండా నా చేతి వైపు చూస్తోంది, ఎందుకని అడిగితే "మీ తాత కూడా ఇలాగే గంటసేపు తిప్పీవోరు, వంట మాడిపోతోందని అరిచినా వదిలీవోరు కాదు" అంది. అలా అంటున్నప్పుడే నొక్కా.

అదే వాడుతున్నాం. ముడతలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు, కానీ కిట్ లెన్స్‌లో గీతల్లా ఉన్నవి ఇందులో మడతల్లా ఉన్నాయి, ఇంతకన్నా ఎలా చెప్పాలో తెలీదు. వెలుతురు వల్ల ఎంత, లెన్స్ వల్ల ఎంత అని తెలుసుకుందామని అదే చోట అదే వెలుతుర్లో కిట్ లెన్స్‌తో కూడా 50 దగ్గర ఒకటి తీశా. నిజం చెప్తున్నా, దాదాపు ముప్పాతిక వంతు మార్పు వెలుతురుదే, ఆ ఫోటో కూడా బాగుంది. మిగిలిన పావు వంతు కోసమే నేను హీలియోస్‌ది ఎంచుకున్నా, వెనకాల ఆకులు కలిసిపోయిన తీరూ, చీర అంచు దగ్గర ఫోకస్ నెమ్మదిగా వదిలేసిన తీరూ కిట్ లెన్స్‌లో లేవు.

నానమ్మకి ప్రూఫ్ ప్రింట్ చూపిస్తే ఏమీ అనలేదు. కాసేపయ్యాక చూస్తే దాన్ని పట్టుకెళ్ళి తాతయ్య ఫోటో కింద బల్ల మీద నిలబెట్టుకుని చూసుకుంటోంది.

ఒక చిన్న సందేహం మిగిలింది, పదహారు బై ఇరవై ప్రింట్‌కి గ్లాసీ తీసుకోనా మ్యాట్ తీసుకోనా? ఫ్రేమ్‌కి అద్దం పెడుతున్నాం.

గాజువాక_కెమెరామేన్:

తమ్ముడూ ఫోటో చూశాను, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. అంటే కస్టమర్ పనికి మాత్రం ఇప్పటికీ కొత్త లెన్సే వాడతా, అరనిమిషం ఆగే పెళ్ళికూతురు నాకింతవరకు దొరకలేదు. కానీ ఆ కళ్ళు ఉన్నాయి చూడండి, అవి చాలు. నా హీలియోస్‌కి కూడా టార్చ్ పెట్టా, మీదానికన్నా అన్యాయంగా ఉంది లోపల, సోమవారం జగదాంబ వెళ్తున్నా.

వన్‌టౌన్_పాత_స్టూడియో:

మ్యాట్ తీసుకో బాబూ. అద్దం ఎలాగూ మెరుస్తుంది, లోపల ఇంకో మెరుపు ఎందుకు. ఫ్రేమ్ కట్టేవాడికి గట్టిగా చెప్పు, ప్రింట్ అద్దానికి అంటకూడదు, చుట్టూ అట్ట మౌంట్ పెట్టి మధ్యలో కాస్త గాలి సందు వదలాలి. మన చెమ్మకి రెండు వానాకాలాలు తిరిగేసరికి ఫోటో అద్దానికి అతుక్కుపోతుంది, తీయబోతే ముఖం అద్దంతో పాటు ఊడొస్తుంది, అలాంటివి ఎన్నో నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. వెనక చెక్కకి కూడా గోడ తగలకుండా నాలుగు మూలలా కార్కు ముక్కలు అంటించమను.

లెన్స్‌ని మళ్ళీ ఆ తోలు కేసులో పెట్టకు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు, పక్కన చిన్న తేమ మీటర్ ఒకటి పెట్టి 40 నుంచి 50 మధ్య ఉండేలా చూసుకో. పొట్లాల రంగు మారితే వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వెయ్యి. వారానికోసారైనా బయటికి తీసి వాడు, వాడే లెన్స్‌కి అంత తొందరగా బూజు పట్టదు. కేసు పారేయకు, ఆవిడకివ్వు.

పెదవాల్తేరు_అబ్బాయి:

అడక్కుండానే తీసుకెళ్ళి తన ట్రంకు పెట్టెలో పెట్టేసుకుంది. మ్యాట్‌కే ఆర్డర్ ఇచ్చేశా, ఫ్రేమ్ ఆయనకి అట్ట మౌంట్ సంగతి రాసిచ్చా. అందరికీ థ్యాంక్స్.